మాల్ వెనకాల బస్టాండు గారికి

నమస్కారాలు. ఈ మధ్యాహ్నం తమరి మూడో ప్లాట్‌ఫారం బోర్డు మీద '2 నిమిషాలు' అన్న బస్సు, '1 నిమిషం' అయి, 'వచ్చేస్తోంది' అయి, ఆపైన మాయమైపోయింది. ప్లాట్‌ఫారం మీదకి మాత్రం రాలేదు. కింది వరస పైకి జరిగి, ఏమీ ఎరగనట్టు '24 నిమిషాలు' అని వెలిగింది.

కార్లకి ముందువైపు జాగా ఇచ్చి, తమర్ని సరుకు లారీలు ఆగే వెనక గుమ్మం పక్కకి నెట్టారని తెలుసు, పోనివ్వండి. జారిపోయే వాలు బెంచీలనీ, ఏటవాలు జల్లుకి ఎందుకూ కొరగాని ఆ ఎత్తు కప్పునీ కూడా సహించాం. ఆ బోర్డొక్కటే మింగుడుపడటం లేదు.

బస్సులోని జీపీఎస్ పెట్టె కొన్ని సెకన్లకోసారి తానెక్కడుందో చెబుతుంది. డ్యూటీ ఎక్కగానే డ్రైవరు రూటు, ట్రిప్పు నంబర్లు కొడితేనే అది ఏ ట్రిప్పు బస్సో సర్వరుకి తెలిసేది. కొట్టకపోయినా, తప్పు కొట్టినా, పెట్టె పాడైనా తమరు ఊరుకోరు కదా! టైంటేబుల్లోంచి ఓ అంకె తీసి, అదే రంగులో, అదే సైజులో చూపిస్తారు. ట్రిప్పు రద్దయిన సంగతి కంట్రోల్ రూంలో ఎవరూ ఎక్కించకపోతే, డిపో గేటు దాటని బస్సు కూడా నిమిషనిమిషానికీ దగ్గరైపోతూ ఉంటుంది.

పైగా తమరు చివరి స్టాపు. దారి మధ్యలో అయితే బస్సు కదలికని బట్టి లెక్క కట్టొచ్చు. ఆగి ఉన్న బస్సు ఎప్పుడు కదులుతుందో జీపీఎస్‌కేం తెలుసు? కాబట్టి టైముకే బయల్దేరుతుందనుకుంటారు. వచ్చిన బస్సు 15 నిమిషాలు లేటు, తిరిగి బయల్దేరే ముందు ఉన్న వ్యవధి 8 నిమిషాలు. డ్రైవరు మంచినీళ్లైనా తాగకుండా తిప్పినా 7 నిమిషాలు లేటే. ఈపాటి తీసివేత కూడా రాదా తమరికి?

నిజం బస్సు అంకె తడబడుతుంది: 6, 5, 5, సిగ్నల్ దగ్గర మళ్లీ 6, ఉన్నట్టుండి 3. టైంటేబుల్ అంకె గడియారంలా నడుస్తుంది, నిమిషానికొకటి చొప్పున, పొల్లుపోకుండా. బోర్డు ఎంత బుద్ధిగా ఉంటే అంత అనుమానించాలన్నమాట.

దీనికి కొత్త యంత్రాలేం అక్కర్లేదు. జాడ తెలిసిన బస్సుకి నిమిషాలు, తెలియనిదానికి టైంటేబుల్లోని టైము. చాలా ఊళ్లలో బోర్డులు ఆ తేడా చూపిస్తూనే ఉన్నాయి. ట్రిప్పు రద్దయితే 'రద్దు' అని రాయండి. రెండే అక్షరాలు! అవి రాయడానికి ఏం మాయరోగం నీకు? ఆ ముక్క ముందే చెబితే ఐదో ప్లాట్‌ఫారంలో బస్సెక్కి, మధ్యలో ఇంకోటి మారైనా ఇల్లు చేరేవాళ్లు జనం. నీ '2 నిమిషాలు' నమ్మే కదా, తలుపులు తెరుచుకుని నిలబడ్డ బస్సుని వదులుకున్నది!

ఇంతలో ఆ 24 కాస్తా 9 అయింది. 8. 7. ఎక్కడా తడబడలేదు.