వదిలేసిన కార్టు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ వదిలేసిన కార్టు గారి దివ్యసముఖానికి,

ఆన్‌లైన్‌లో చేతికుట్టు నోటుపుస్తకాలు అమ్ముకొని బతుకుతున్న ఒక చిన్న వ్యాపారి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. మీ కుశలానికి ఏ లోటూ లేదని నా దుకాణం లెక్కలు చూపే డ్యాష్‌బోర్డు రోజూ చెబుతూనే ఉంది కనుక, మిగిలింది నా కుశలమే. నిన్న రాత్రి 11 గంటల 40 నిమిషాలకు ఎవరో మూడు పుస్తకాలు మీలో వేసుకొని, రెండింటికి నీలం అట్ట, ఒకదానికి బూడిదరంగు అట్ట ఎంచుకొని, చిరునామాలో వీధి పేరు సగం దాకా టైపు చేసి, ఉన్నట్టుండి మాయమైపోయారు. తెల్లవారి లేచి చూసేసరికి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉన్నట్టు మీరు నా జాబితాలో అలాగే నిలబడి ఉన్నారు. దుకాణం తెరిచిన ఈ మూడేళ్లలో నా తలుపు మీరు తట్టినన్నిసార్లు బోణీ తట్టలేదు. అందుకే ఈ లేఖ.

మీ వంశం గొప్పదని నాకు తెలియకపోలేదు. 1937లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణాల యజమాని, మడత కుర్చీని చూసి, దానికి చక్రాలూ బుట్టలూ తగిలిస్తే కొనేవాళ్లు బరువు మోయనక్కరలేకుండా ఎక్కువ సరుకు కొంటారని లెక్క వేసుకొని మీ పూర్వీకుణ్ని తయారు చేయించాడు. జనం ముట్టుకోలేదు. బుట్ట మోయలేనంత బలహీనులమా అని కుర్రవాళ్లు నామోషీ పడ్డారట; పిల్లల బండ్లు తోసింది చాలదా అని ఆడవాళ్లు విసుక్కున్నారట. చివరికి ఆయన రకరకాల వయసులవాళ్లను జీతానికి పెట్టుకొని, కొంటున్నట్టు నటిస్తూ బండ్లు తోసుకుంటూ తిరగమన్నాడు. అది చూశాకే అసలు గిరాకీ కదిలింది. ఆన్‌లైన్ వ్యాపారంలో కల్పిత రద్దీ నిన్నమొన్న పుట్టిన విద్య అనుకొనేవాళ్లు ఈ ముచ్చట గుర్తు పెట్టుకుంటే మంచిది.

తరవాత 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు కంపెనీ ఇంజనీరు లూ మోంటుల్లి మీకు జ్ఞాపకశక్తి ప్రసాదించాడు. అంతకుముందు వెబ్‌సైటుకు మతిమరుపు రోగం ఉండేది. ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్తే వచ్చింది ఎవరో, ఎంచుకున్నది ఏమిటో దానికి గుర్తుండేది కాదు. కొనేవాడు సగంలో ఆపిన బేరాలను తన సర్వర్లలో దాచడం ఇష్టంలేని ఒక కంపెనీ కోసం ఆలోచిస్తూ, ఆ జ్ఞాపకాన్ని కొనేవాడి కంప్యూటరులోనే చిన్న చీటీలా ఉంచే కుకీని ఆయన రూపొందించాడు. ఆ పుణ్యాన మీరు ఇప్పుడు ఏదీ మరచిపోరు. కొనేవాడు మరచిపోయినా మీరు మరచిపోరు, నన్ను మరచిపోనివ్వరు. అసలు మీ గండం లేకుండా ఒక్క క్లిక్కుతోనే బేరం తెగ్గొట్టే పద్ధతికి అమెజాన్ 1999లో అమెరికాలో పేటెంటు పుచ్చుకొని, 2017లో గడువు ముగిసేదాకా గట్టిగా పట్టుకొని కూర్చుంది. అంత పెద్దవాళ్లే మిమ్మల్ని తప్పించుకు తిరిగారంటే మీ మహిమ వేరే చెప్పాలా?

బజారు దుకాణంలో నిండిన బండిని నడిమధ్యలో వదిలేసి వెళ్లాలంటే మనిషికి కాస్త మొహమాటం అడ్డం వస్తుంది. బిల్లు కొట్టే అమ్మాయి చూస్తుంది, వెనక నిలబడ్డవాళ్లు చూస్తారు. ఆన్‌లైన్‌లో చూసేవాడు లేడు, మీరు తప్ప. అందుకే ఆన్‌లైన్‌లో నిండిన కార్టుల్లో సుమారు 70 శాతం కొనుగోలు దాకా రాకుండానే ఆగిపోతాయని, ఎన్నో అధ్యయనాల సగటు తీసి, ఆన్‌లైన్ కొనుగోళ్ల తీరును పరిశోధించే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ చెబుతోంది. ఈ అంకె తెలిసిన రోజున నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. లోకమంతా 70 దగ్గర ఉంటే నేను 78 దగ్గర ఉన్నాను, ఆ కాస్త తేడాకు నేనెందుకు బెంగపడాలి అని ఒక ఏడాదిపాటు హాయిగా నిద్రపోయాను. పరీక్ష తప్పినవాడికి తరగతిలో సగంమంది తప్పారన్న వార్త ఎంత ఊరటో, ఈ సగటు అంత ఊరట.

నిద్ర లేచాక చికిత్స మొదలుపెట్టాను. వ్యాపార పాఠాలు చెప్పే వీడియోలు చూసి, మిమ్మల్ని వదిలేసిన గంటకు ఒక మెయిలు, 24 గంటలకు మరొకటి, 72 గంటలకు 10 శాతం తగ్గింపు కూపనుతో మూడోది వెళ్లేటట్టు ఏర్పాటు చేశాను. మొదటి దాని శీర్షిక “మీరు ఏదో మరచిపోయారు!” అని ఉండేది. చివరి ఆశ్చర్యార్థకం కోసం అరపూట ఆలోచించాను. మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేరు ప్రతి నెలాఖరునా “మేము తిరిగి రాబట్టిన అమ్మకాలు” అని ఒక పెద్ద అంకె చూపించి నన్ను మురిపించేది. భోజనం చేసి వచ్చి ఎలాగూ కొనబోతున్న మనిషికి మధ్యలో ఒక మెయిలు పంపి, ఆ కొనుగోలును కూడా అది తన ఖాతాలోనే రాసుకొంటుందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. కోడి కూసింది కనుకనే తెల్లవారిందన్న లెక్క అది.

కూపను సంగతి ఇంకా సొగసుగా నడిచింది. నా దగ్గర ప్రతి నెలా మొదటి వారంలో పుస్తకాలు కొనే ఒకావిడ ఉన్నారు. క్రమం తప్పకుండా మిమ్మల్ని నింపి, క్రమం తప్పకుండా వదిలేసి, నాలుగో రోజున కూపనుతో తిరిగి వచ్చి కొనేవారు. ఆవిడను తిరిగి రాబట్టానని నేను నెలనెలా పండగ చేసుకొనేవాణ్ని. ఒకసారి మూడో మెయిలు ఏదో కారణంగా వెళ్లలేదు. ఆవిడే ఉత్తరం రాశారు: “ఈ నెల కూపను ఇంకా రాలేదండీ. కాస్త చూసి పంపుతారా?” జీతం ఆలస్యమైతే గుమాస్తా అడిగినంత మర్యాదగా, అంత హక్కుగా అడిగారు. తప్పు ఆవిడది కాదు. మిమ్మల్ని వదిలేస్తే డబ్బు మిగులుతుందని నేర్పిన గురువును నేనే. అమ్మకం ధరలో నాకు మిగిలేది పావు వంతు. అందులోంచి ధర మీద 10 శాతం వదులుకొంటే, పోయేది లాభంలో 40 శాతమని కాగితం మీద లెక్క వేసుకొన్న రోజున పండగ ముగిసింది.

ఇక్కడితో ఆగి ఉంటే పరువు దక్కేది. కానీ తొందరపెడితే కొంటారని ఎవరో చెప్పగా, మీ పైన ఒక గడియారం తగిలించాను. “ఈ ధర ఇంకా 14 నిమిషాల 59 సెకన్లు మాత్రమే” అంటూ అది వెనక్కి నడిచేది, పేజీని మళ్లీ తెరిస్తే బుద్ధిగా మళ్లీ 14 నిమిషాల 59 సెకన్ల దగ్గరే మొదలయ్యేది. రెండు వేరువేరు రోజుల్లో తీసిన రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి ఒకాయన నాకు పంపారు. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ మౌనం ముందు నాకు తిట్లే నయమనిపించింది. గడియారం ఆ పూటే తీసేశాను.

అంతకంటే పెద్ద దెబ్బ మరొకటి తగిలింది. “మీరు ఏదో మరచిపోయారు!” అన్న మెయిలుకు ఒక అమ్మాయి ఇచ్చిన జవాబు ఇది: “నేను మరచిపోలేదండీ. మూడుసార్లు డబ్బు కట్టబోయాను. మూడుసార్లూ మీ పేజీయే తెల్లముఖం వేసింది.” వెనక్కి వెళ్లి చూస్తే ఆ వారంలో నా జాబితాకెక్కిన వారిలో ఐదుగురు డబ్బు చేతపట్టుకొని గుమ్మంలో నిలబడ్డవాళ్లే. చెల్లింపు మధ్యలో తెగిపోతే సాఫ్ట్‌వేరు దాన్ని కూడా మీ పేరు మీదే జమ చేస్తుంది. తలుపు తెరవనిది నేను, మతిమరుపు నింద వాళ్ల మీద.

అప్పుడు, మూడేళ్లలో మొట్టమొదటిసారి, నా దుకాణంలో నేనే ఒక పుస్తకం కొనాలని నిశ్చయించుకొన్నాను. సొంత వంట రుచి చూడని వంటవాణ్ని ఎవరైనా నమ్ముతారా? నన్ను మాత్రం జనం అప్పటిదాకా ఎలా నమ్మారో తెలియదు. కంప్యూటరు పక్కన పెట్టి, ఫోను తీసుకొని, మంచం మీద పడుకొని, మామూలు కొనుగోలుదారులాగా ఒక నీలం అట్ట పుస్తకాన్ని మీలో వేశాను. ముందు ఖాతా తెరవమంది. పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక ప్రత్యేక చిహ్నం ఉండాలంది. మూడూ ఉన్నది ఇస్తే ఆ చిహ్నం చెల్లదంది. మెయిలుకు వచ్చిన లింకు నొక్కమంది. నొక్కి తిరిగి వస్తే మీరు ఖాళీగా ఉన్నారు. మళ్లీ వేశాను. పేరు, చిరునామా, ఫోను నంబరు, “మా గురించి మీకు ఎలా తెలిసింది” అన్న ప్రశ్న కూడా దాటుకొని చిట్టచివరి పేజీకి చేరితే, అక్కడ అంతవరకు మాటమాత్రంగానైనా చెప్పని రవాణా ఛార్జీ పుస్తకం ధరలో మూడో వంతు కూర్చొని ఉంది.

వదిలేశాను. నా దుకాణంలో, నేను పెట్టిన ధరకు, నేను కుట్టిన పుస్తకాన్ని కొనకుండా ఫోను పక్కన పడేసి పడుకొన్నాను. సరిగ్గా గంటకు మెయిలు వచ్చింది, “మీరు ఏదో మరచిపోయారు!” అని. సిగ్గుతో చెబుతున్నాను, కూపను కోసం మూడు రోజులు ఎదురుచూశాను కూడా.

మీ మీద కోపం అక్కడ తగ్గడం మొదలైంది. బేమార్డ్ వాళ్ల సర్వేల్లో ఊరికే చూసిపోయేవాళ్లను తీసివేస్తే, మిమ్మల్ని వదిలేయడానికి జనం చెప్పే కారణాల్లో మొదటిది చివర్లో వచ్చిపడే రవాణా, పన్ను వంటి అదనపు ఖర్చులే. ఖాతా తెరవమని బలవంతపెట్టడం కూడా పెద్ద కారణాల్లో ఒకటి. ఆ 70 శాతం అంకెను ఏడాదిపాటు జోలపాటగా వాడుకొన్న నేను, దాని వెంబడే ఉన్న ఈ కారణాలను చదవలేదు. వెబ్‌సైట్లు వాడేవాళ్లకు ఎంత సులువుగా ఉన్నాయో పరిశీలించే జారెడ్ స్పూల్ అనే నిపుణుడు ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణం కథ 2009లో రాశాడు. వాళ్లు “రిజిస్టర్” అన్న బటన్ తీసేసి “కంటిన్యూ” అని పెట్టి, కొనడానికి ఖాతా అక్కరలేదని పక్కన ఒక వాక్యం రాశారు. కొనేవాళ్లు 45 శాతం పెరిగి, మొదటి ఏడాదిలో 30 కోట్ల డాలర్లు అదనంగా వచ్చాయి. నాకు అంతొద్దు, అందులో చిల్లర చాలు అనుకొని ఖాతా నిబంధన ఎత్తేశాను.

రవాణా ఛార్జీ ఎందుకంత ఉందో తెలుసుకోవడానికి కొరియరు వాళ్ల బిల్లును మొదటిసారి అక్షరం అక్షరం చదివాను. వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి, సాధారణంగా 5000తో భాగించి, ఆ వచ్చినదీ అసలు బరువూ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు పట్టుకొంటారు. నా పుస్తకం 400 గ్రాములు. దాన్ని నేను ముద్దుగా పెట్టి పంపుతున్న పెట్టె 30, 25, 12 సెంటీమీటర్లు. అంటే లెక్కలో 1.8 కిలోలు. ముచ్చటైన పెట్టె, లోపల ముడతల కాగితం, రిబ్బను, నా ధన్యవాదాల చీటీ, వీటన్నిటి మధ్య ఉన్న ఖాళీ గాలికి మూడేళ్లుగా కొనేవాడి చేత కిరాయి కట్టించాను. ఇప్పుడు 23, 17, 4 సెంటీమీటర్ల అట్ట తొడుగులో పంపుతున్నాను. లెక్కలో 313 గ్రాములకు దిగింది కనుక అసలు బరువుకే ఛార్జీ పడుతోంది. మిగిలిన కాస్త ఖర్చును ధరలోనే కలిపి, ఆ ధరను మొదటి పేజీలోనే పెట్టాను. రిబ్బను పోయినందుకు ఇంతవరకు ఒక్కరూ ఏడవలేదు.

కూపను మానేశాను. నెలనెలా వచ్చే ఆవిడకు విషయం విడమరచి రాస్తే, రెండు నెలలు అలిగి, మూడో నెల పూర్తి ధరకు కొన్నారు. మెయిళ్లు మూడు నుంచి ఒకటికి తగ్గాయి, అందులో “ఎక్కడైనా ఇబ్బంది వచ్చిందా?” అన్న ఒక్క ప్రశ్నే ఉంటుంది. చాలామంది జవాబివ్వరు. ఇచ్చినవాళ్లలో ఒకరు “ఇబ్బంది ఏమీ లేదు, జీతం వచ్చాక కొంటాను, అందాకా అందులో ఉండనివ్వండి” అన్నారు. ఇంకొకరు గీతల కాగితం ఉంటుందా అని అడిగారు. ఉంటుందని దుకాణంలో ఎక్కడా రాయలేదని నాకప్పుడే తెలిసింది.

ఇంత చేసినా మీరు పూర్తిగా పోలేదు. నిన్నటి 11 గంటల 40 నిమిషాల మనిషే అందుకు సాక్షి. ఆ సగం వీధి పేరు దగ్గర ఏమైందో, ఫోనులో చార్జింగు అయిపోయిందో, పిల్లవాడు ఏడ్చాడో, లేక నా పేజీలో నేను ఇంకా చూడని తలుపు ఏదైనా మూసుకొని ఉందో, ఈ రాత్రి నా ఫోనులో మరోసారి కొని చూస్తాను. మీరు మాత్రం దయచేసి ఆ మూడు పుస్తకాలను అలాగే పట్టుకొని ఉండండి. బూడిదరంగు అట్టవి నా దగ్గర రెండే మిగిలాయి. ఒకటి విడిగా తీసి పెట్టాను.

ఇట్లు,
మీ జాబితాకు నిత్యం కాపలా కాసే
చిన్న వ్యాపారి

తా.క. నా పేరుతో ఉన్న ఆ నీలం అట్ట కార్టును ఇంకా తొలగించలేదు. డ్యాష్‌బోర్డులో దాని పక్కన ఇప్పటికీ “తిరిగి రాలేదు” అనే ఉంది.