చప్పుడు చేస్తూ ఎక్కండి, పొద్దుండగానే దిగండి

ఇద్దరు స్నేహితులు అడవిలో పోతుంటే ఎలుగుబంటి ఎదురైంది. ఒకడు చెట్టెక్కాడు, రెండోవాడు చచ్చినట్టు పడుకున్నాడు. ఈ కథ చదవకుండా బడి దాటినవాళ్లు మనలో ఉండరు. నీతి సంగతి అటుంచితే, ఎలుగుబంటి గురించి మనకు తెలిసింది చాలావరకు అక్కడే ఆగిపోయింది. చెట్టెక్కినవాడు తెలివైనవాడని ఇప్పటికీ నమ్ముతాం. మన నెల్లూరు, కడప వైపు వెలికొండల్లో, నల్లమలలో తిరిగే ఎలుగుబంటి మాత్రం తేనెపట్టు కోసం చెట్లెక్కుతుంది.

ఇప్పుడు ఆ కథకు తోడు యూట్యూబ్ వచ్చింది. పెంచలకోన పైకో, ఉదయగిరి దుర్గం మీదికో టెంటు వేసుకుని వెళ్లాలనుకునే కుర్రాళ్లు ముందుగా చూసేది అమెరికా వీడియోలు. తిండిని గట్టి డబ్బాలో పెట్టి మూత బిగించండి, టెంటుకు దూరంగా ఉంచండి అని వాటిలో చెబుతారు. అది అక్కడికి సరైన మాటే. యోసెమిటీ లాంటి చోట్ల నల్ల ఎలుగుబంట్లు తిండి వాసన పట్టి టెంట్ల దాకా వస్తాయి, అందుకే ఆ డబ్బా లేనిదే రాత్రి బస చేయనివ్వరు. మన దగ్గర ప్రమాదం ఎక్కువగా ఇంకో రూపంలో వస్తుంది. మన ఎలుగుబంటి మన సంచీ కోసం వెతుక్కుంటూ వచ్చి మీద పడేది తక్కువ. మనమే దాని ముందుకు వెళ్లి, దాన్ని ఉలిక్కిపడేలా చేస్తాం.

దానికి చూపు మందం, వినికిడీ అంతంత మాత్రమే. ఉన్నదల్లా ముక్కు. తెలంగాణలో గుడ్డేలుగు అంటారు, ఆ పేరు విన్నప్పుడల్లా నాకు దాని చూపే గుర్తొస్తుంది. అదేమో చెదల పుట్టలో మూతి పెట్టి, పై ముందుపళ్లు రెండు లేని ఖాళీలోంచి పురుగుల్ని జుర్రుకుంటూ లోకం మరిచిపోయి ఉంటుంది. ఆ జుర్రుడు మనకు వంద మీటర్ల అవతలికి వినిపిస్తుంది గానీ, మన అడుగుల చప్పుడు దానికి వినిపించదు. పది అడుగుల దూరంలో తలెత్తి మనిషిని చూస్తే పారిపోవాలన్న ఆలోచన దానికి ముందుగా రాదు. పులులు, చిరుతలు తిరిగే చోట పిల్లల్ని వీపు మీద మోసుకుంటూ బతకడం నేర్చిన జంతువు అది. ముందు మీదికొస్తుంది. అందుకే దాని దెబ్బలు ఎక్కువగా తలకీ మొహానికీ తగులుతాయి.

కొన్నేళ్ల కిందట మా పిన్ని కొడుకులతో కలిసి వెలికొండల్లో ఒక వాగు వెంట నడిచాను. దారి చూపడానికి ఒక పెద్దాయన వచ్చాడు. యానాది, అరవై దాటి ఉంటాయి, కాళ్లకు చెప్పుల్లేవు. ఒక మలుపు దగ్గర ఆగి పుట్ట చూపించాడు. సగానికి చీల్చి ఉంది, లోపలి మన్ను ఇంకా తడిగా ఉంది, పక్కన గోళ్ల గీతలు. మేమంతా ఫోన్లు తీసి, గొంతులు తగ్గించి, పిల్లుల్లా అడుగులేయడం మొదలుపెట్టాం. ఆయనకు కోపం వచ్చింది. "దొంగల మాదిరి పోబాకండి అబ్బయా. దగ్గతా, మాట్లాడతా నడవండి. మనం వచ్చేది దానికి ముందే తెలవాల" అన్నాడు. ఆ మలుపు తిరిగే లోపల ఆయన మూడుసార్లు గట్టిగా దగ్గాడు, చేతికర్రతో బండ మీద కొట్టాడు, ఆగి విన్నాడు, తర్వాతే కదిలాడు.

ఎలుగుబంట్ల గురించి తర్వాత నేను చదివినదంతా ఆ పెద్దాయన మాట దగ్గరికే వచ్చి ఆగింది. గుంపుగా నడవాలి, మాట్లాడుకుంటూ నడవాలి. బ్లూటూత్ స్పీకర్ మోగించుకుంటూ పోవచ్చు కదా అంటే, వద్దు. దాంతో అడవిలో మిగతావాటి ప్రశాంతత పోవడం ఒకటి, పొదల్లో ఆ జుర్రుడు చప్పుడు మనకు వినబడకపోవడం రెండు. దూరంగా కనబడితే ఆగి, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి రావాలి. పరిగెత్తి దాన్ని దాటలేం. మీద పడిందంటే మాత్రం వీపున సంచీ అలాగే ఉంచుకుని బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక బిగించుకోవాలి. కథలో రెండోవాడే నయం, కాకపోతే బొమ్మల్లో వాణ్ని వెల్లకిలా పడుకోబెడతారు.

మనం కొండలెక్కే రోజులు కూడా చూడండి. ఎండలకు భయపడి కార్తీకం నుంచి శివరాత్రి దాకా వెళ్తాం. తల్లి ఎలుగుబంటి ఎక్కువగా ఈనేది కూడా ఆ చలికాలంలోనే, అదీ రాతి సందుల్లో, గుహల్లో. మనవాళ్లు మంచు పడకుండా, గాలి తగలకుండా టెంటుకు వెతికే చోటూ బండ చాటే. పగలంతా బండల నీడన పడుకుని, పొద్దు వాలాక మేతకు బయల్దేరడం దాని అలవాటు. సూర్యాస్తమయం రీల్ కోసం ఆరింటి దాకా పైనుండి, చీకట్లో సెల్‌ఫోన్ లైటుతో దిగడం మన అలవాటు. 1514లో కృష్ణదేవరాయలు పట్టుకున్న ఉదయగిరి దుర్గాన్ని మధ్యాహ్నం చూసినా రాయలవారు ఏమీ అనుకోరు.

చెట్లు కూడా చూసుకోవాలి. చలికాలంలో రేగు, వేసవి మొదట్లో ఇప్పపూలు, ఆ తర్వాత ఈతపండ్లు, నేరేడు. ఏది రాలితే దాని కింద పడుకోకూడదు. నీళ్ల విషయంలో ఇంకొంచెం ఆలోచించాలి. ఎండాకాలంలో కొండ మీద ఒకే ఒక దోనలో, అంటే బండల మధ్య గుంటలో, నీళ్లుంటే, దాని పక్కనే టెంటు వేసుకుంటే మనకు హాయి. ఆ రాత్రి దుప్పి నుంచి ఎలుగుబంటి దాకా అన్నీ ఆ నీళ్ల కోసం చీకట్లో నిలబడి ఉంటాయి.

తిండి సంగతి అసలు పట్టించుకోనక్కర్లేదని నా మాట కాదు. జలపాతం దగ్గర వదిలేసిన బిర్యానీ పొట్లాలకు ముందు కోతులు, తర్వాత పందులు, ఆ వెనకే మిగతావి వస్తాయి. గుళ్ల దగ్గర కొబ్బరిచిప్పలకు, దీపం నూనెకు మరిగిన ఎలుగుబంటి ఇక మనిషి వాసన వస్తే పక్కకు తప్పుకోదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలో చెత్త వేయడాన్నే నిషేధించింది, నిప్పు పెట్టడంపై 30వ సెక్షన్ ఉంది. 2018 మార్చిలో తమిళనాడు కురంగణి కొండల్లో కార్చిచ్చుకు ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. మన కొండలూ మార్చికల్లా ఎండు బోదతో నిండి ఉంటాయి. క్యాంప్‌ఫైర్ ఫొటో బాగుంటుంది, ఒప్పుకుంటాను.

ఇక్కడ తప్పంతా కుర్రాళ్లదే అంటే నేను ఒప్పుకోను. శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యాన్ని 1997లో ప్రకటించారు. నెల్లూరు, కడప వైపు కొండల్లో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. అందులోకి వెళ్లాలంటే అనుమతి కావాలని చట్టం చెబుతుంది. ఎవర్ని అడగాలో, ఏ దారిలో వెళ్లొచ్చో మామూలు మనిషికి తెలిసేలా చెప్పేవాళ్లు కనబడరు. 'ప్రవేశం నిషేధం' అని బోర్డు ఉంటుంది, దాని పక్కనుంచే కాలిబాట ఉంటుంది. అనుమతి లేనివాళ్లు ఎవరికీ చెప్పకుండా వెళ్తారు, కాబట్టి రాత్రికి రాకపోయినా వెతికేవాళ్లుండరు. పైగా ఇవి ఎర్రచందనం కొండలు. రాత్రిపూట టార్చిలైట్లు కనబడితే సిబ్బందికి ముందు గుర్తొచ్చేది ట్రెక్కర్లు కాదు.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో నెల్లూరు జిల్లాకు చెందిన ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటితే నడకదారిలోకి పంపకూడదని, భక్తుల చేతికి కర్రలివ్వాలని నిర్ణయించారు. అప్పట్లో కర్రల మీద జోకులు బాగా పేలాయి. నా మటుకు ఆ కర్ర కన్నా ఆ మధ్యాహ్నం రెండింటి గడువే అసలైన జాగ్రత్త అనిపించింది. అంత ప్రాణనష్టం జరిగాక వచ్చిన నిబంధనను మన కొండలకు ముందే పెట్టుకోవచ్చు. దోర్నాల దగ్గర శ్రీశైలం ఘాట్‌లో రాత్రి వాహనాలు ఆపేస్తుంటే జనం అలవాటు పడలేదా? నల్లమలలో చెంచుల్ని అడవి కాపలాకు వాచర్లుగా పెట్టుకున్న అటవీశాఖ, వెలికొండల్లో రెండు మూడు దారులు గుర్తించి, టికెట్ పెట్టి, యానాదుల్ని గైడ్లుగా తీసుకోవడం అసాధ్యమైన పని కాదు.

మేం ఆ రోజు నాలుగింటికే దిగిపోయాం. ఇంకో అరగంట ఉందామని మావాళ్లు బతిమాలినా పెద్దాయన వినలేదు. కిందకొచ్చాక ఐదువందలిస్తే తీసుకుని, దారి మొదట్లో కాకుండా చేను గట్టు మీదుగా వెళ్లిపోయాడు. ఎందుకంటే మేం వెళ్లిందీ అనుమతి లేకుండానే. పట్టుబడితే మాకు జరిమానాతో పోయేది, అడవిలోకి తీసుకెళ్లాడని కేసు ఆయన మీద పడేది.