గోలీల పక్కన పసరు: డాక్టరుకు చెప్పాల్సిందే

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో షుగరు గోలీలు ఉన్న చాలా ఇళ్లల్లో కాకర రసమో, మెంతి పొడో, పొడపత్రి చూర్ణమో కూడా ఉంటుంది. వాటికి గుణం లేదని మేం అనడం లేదు. అవి రక్తంలో చక్కెరను కొంత తగ్గించొచ్చు. షుగరుకు ఇచ్చే గ్లిమెపిరైడ్ గోలీ పనీ అదే. రెండూ కలిస్తే ముప్పు.

పరగడుపున రసం తాగి, గోలీ వేసుకుని, సద్ది తినకుండానే కలుపు తీయడానికి పోయిన మనిషికి పొద్దెక్కేసరికి చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి. తోటి కూలీలు ఎండదెబ్బ అనుకుని నీడకు చేర్చి నీళ్లు తాగిస్తారు. నిజానికి అది రక్తంలో చక్కెర పడిపోవడం. అప్పుడు ఆ మనిషికి కావాల్సింది మూడు చెంచాల చక్కెర. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇలాంటి జతలు ఇంకా ఉన్నాయి. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. థైరాయిడ్ గోలీ వేసుకునేవారు అశ్వగంధ వాడితే అది ఆ గోలీ మోతాదును తారుమారు చేయొచ్చు. గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు పసుపు, వెల్లుల్లి గుళికలు మింగితే రక్తస్రావం కావచ్చు. కూరలో వేసే చిటికెడు పసుపుతో భయం లేదు. తిప్పతీగ, అశ్వగంధ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది మోకాళ్ల నొప్పుల పొడి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు పాడైన తరం ఇంకా నొప్పులతోనే బతుకుతోంది. వాళ్ల ముందుకు పేరూ, తయారీ తేదీ, లైసెన్సు నంబరూ లేని పొట్లాలు వస్తున్నాయి. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి. దేశంలో ఇలాంటి కల్తీ పట్టుబడటం కొత్త కాదు. స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, అసలే పాడైన ఎముకలు ఇంకా బలహీనపడతాయి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపేసినా ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ పొట్లాన్ని పారేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

అయితే డాక్టరు ముందు పొట్లం విప్పడానికే జనం జంకుతున్నారు, తిడతారని. ఆ భయం పోగొట్టాల్సింది డాక్టర్లే. బీపీ, షుగరు గోలీలు ఇచ్చే ప్రతి పల్లె దవాఖానాలో "ఇంకేమన్నా పసరు, పొడి, లేహ్యం వాడుతున్నావా అమ్మా?" అని ఆప్యాయంగా అడగాలి. జవాబును రోగి చీటీ మీద రాయాలి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు ఈ ప్రశ్న నేర్పడం పెద్ద ఖర్చు కాదు. ఆపరేషన్‌కు ముందైతే ఇది తప్పనిసరి.

షుగరును పూర్తిగా నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అయినా అలాంటి గోడరాతలు, వాట్సాప్ ప్రకటనలు ఆగడం లేదు. ఔషధ నియంత్రణ అధికారులు అంగళ్లలో అమ్మే నొప్పుల పొడులను కొని పరీక్షకు పంపాలి, స్టెరాయిడ్ దొరికితే ఊరూరా చాటింపు వేయించాలి. మందు వికటించినవారు 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు. ఈ నంబరును ప్రతి దవాఖానా గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం.