తాళంచెవి మింగిన చేప

అస్తరు ఉన్న బ్యాగు మీద బొమ్మ కుట్టాలంటే ముందు అడుగున అస్తరు కుట్టు విప్పాలి. దాన్ని బయటికి లాగి, ఒక్క పైగుడ్డలోనే సూది నడపాలి. బొమ్మ పూర్తయ్యాక అస్తరును లోపలికి తోసి మళ్లీ కుట్టేయాలి. ఈ సంగతులన్నీ మా అక్కకు బాగా తెలుసు. నాకు చెప్పింది కూడా ఆమే. కాకపోతే పని అంతా అయ్యాక చెప్పింది.

బ్యాగు నాది. నీలిరంగు డెనిమ్, రెండు పట్టీలు, ఒక జిప్పు, లోపల అస్తరు, ఆ అస్తరులో ఒక చీలిక, చీలిక వెనక వేలాడే చిన్న జేబు. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు. అక్క దాన్ని ఎత్తి పట్టుకుని వెనకా ముందూ తిప్పి చూసి, "అయ్యో, పూర్తి చేయకుండానే అమ్మేశారా?" అని జాలిపడింది. ఆమె జాలిపడ్డ వస్తువు ఏదీ ఇంతవరకు ఆమె చేతుల్లోంచి క్షేమంగా బయటపడలేదు.

"ముందువైపు ఒక చేప వేద్దాం."

"చేప ఎందుకక్కా?"

"గుడ్డ నీలంగా ఉంది కదా. చూసినవాళ్లు నీళ్లనుకుంటారు."

దీనికి ఎదురు చెప్పాలంటే నేను ఆమెకంటే ముందు పుట్టి ఉండాలి.

డెనిమ్ మాట వినే గుడ్డ కాదు. నీలిమందులో ముంచిన పడుగు దారం మూడు తెల్లని పేకల మీదుగా దాటి, నాలుగోదాని కింద దూరుతుంది. అందుకే పైన నీలం, లోపల తెలుపు, ఒళ్లంతా ఏటవాలు గీతలు. అక్క సుద్దముక్కతో చేపను గీస్తుంటే ఆ వాలు గీతలు ఆమె చేతిని తమ దారిన లాక్కుపోయాయి. అడ్డంగా ఈదాల్సిన చేప మూతి పైకెత్తి నిలబడింది. "ఎగురుతోంది," అని అక్క నిర్ణయించింది.

పొలుసులకు చమ్కీలు. కుడుతూ కూర్చుంటే ఆలస్యమని గ్లూగన్ తెచ్చింది. ఆ వేడికి సగం చమ్కీలు ముడుచుకుపోయాయి. మిగిలినవి జిగురు చల్లారేదాకా బుద్ధిగానే ఉన్నాయి. అయితే గట్టిపడ్డ జిగురు వంగదు, బ్యాగు వంగకుండా ఉండదు. ఎత్తి చూపించబోతే పొలుసులన్నీ టపటపా రాలాయి. ఆ తర్వాత కొన్నాళ్లు బావ అరికాళ్లు తళతళలాడుతూ ఉండేవి.

ఇక సూదే గతి. డెనిమ్‌కు గట్టి సూదులు వేరే దొరుకుతాయి. అక్క తీసింది మాత్రం జాకెట్టు హుక్కులు కుట్టే సూది. పట్టీ మొదట్లో గుడ్డ మడత మీద మడత పడి అట్టలా ఉంటుంది. అక్కడ మొదటి సూది విరిగింది. రెండోది సగం దూరి, ముందుకూ పోక వెనక్కీ రాక ఇరుక్కుంది. బావ తన పనిముట్ల పెట్టెలోంచి పట్టకారు తెచ్చి ఇస్తూ, "పన్ను ఎవరిది?" అని అడిగారు. అక్క ఆయన వైపు చూసిన చూపుకు ఆ సూది దానంతటదే బయటికి వచ్చి ఉండాల్సింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. చేప బాగా వచ్చింది. అంచుకు కాడకుట్టు, రెక్కలకు గొలుసుకుట్టు, పొట్ట నిండా తెల్లదారం, కంటికి నల్లపూస. సుద్ద గీతలు పోవాలని అక్క తడిగుడ్డతో గట్టిగా రుద్దింది. నీలిమందు నూలుపోగు నడిబొడ్డుదాకా ఇంకదు, చాలావరకు పైపైనే ఉంటుంది. రుద్దితే పక్కవాళ్లకు అంటుకుంటుంది. తెల్లని పొట్ట నీలంగా మారింది.

"అది నీడ," అంది అక్క. "చేపకు నీడ ఉండొద్దా?"

మర్నాడు ఆఫీసుకు బయల్దేరుతూ స్కూటరు తాళంచెవి కోసం బ్యాగులో చెయ్యి పెట్టాను. జేబు ఉండాల్సిన చోట చేప వీపు తగిలింది. అక్క కుట్లు పైగుడ్డనూ జేబునూ అస్తరునూ ఏకం చేసి, చీలిక పెదవులు రెంటినీ కలిపి బిగించేశాయి. పైనుంచి నొక్కితే తాళంచెవి గరగరమంటోంది. ఉంగరం మింగిన చేప గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నాం కాని, ఆ చేపను ఎవరూ ఇంట్లో కూర్చుని కుట్టలేదు.

1873లో జేకబ్ డేవిస్ అనే దర్జీ, లీవై స్ట్రాస్ అనే వ్యాపారి కలిసి ప్యాంటు జేబుల మూలలకు రాగి రివెట్లు కొట్టే పద్ధతికి అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. కూలిపని చేసేవాళ్ల జేబులు చినిగిపోకూడదని వాళ్ల తాపత్రయం. అసలు తెరుచుకోనే తెరుచుకోని జేబును వాళ్లు ఊహించలేకపోయారు. చినిగే ప్రశ్నే లేదు.

ఇంట్లో సమావేశం జరిగింది. బావ అయస్కాంతం తెచ్చారు. ఇత్తడి తాళంచెవికి అయస్కాంతంతో పనేమిటి, అది కదల్లేదు. తర్వాత ఆయన కత్తెర తెచ్చారు. అక్క బ్యాగుకూ ఆయనకూ మధ్య నిలబడి, "నా చేప మీద చెయ్యి పడిందంటే చూడండి," అంది. అప్పుడే అస్తరు అడుగున కుట్టు విప్పే పద్ధతి ఆమెకు గుర్తొచ్చింది. అక్కడ విప్పి చెయ్యి దూర్చి, వేలాడే జేబు అడుగును కూడా కోసి తాళంచెవి లాగాం. దాంతోపాటు రెండు నాణేలు, నేను పోయిందని సంతాపం ప్రకటించిన ఒక చెవిదుద్దు దొరికాయి.

జేబు నోరు ఇప్పటికీ మూసే ఉంది. తెరవాలంటే చేప పొట్ట విప్పాలి, అక్క ఒప్పుకోదు. తాళంచెవిని ఒక తాడుకు కట్టి మెడలో వేసుకుని తిరిగాను. ఆ తాడుకు పూసలు గుచ్చి ఇస్తానని నిన్న అక్క పట్టుకెళ్లింది. తాళంచెవి దానికే ఉంది. నేను బస్సులో వెళుతున్నాను.