హెర్పిస్ ఐజీఎం పరీక్ష గారికి, ఉభయకుశలోపరి

బెంగళూరు,
శనివారం రాత్రి

మహారాజశ్రీ హెర్పిస్ ఐజీఎం పరీక్ష గారికి, బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీ మూడో అంతస్తు నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను. కానీ హెర్పిస్ అనే పొక్కుల వైరస్ నాకు అంటిందో లేదో రక్తంలో ప్రతిరోధకాలు చూసి, క్షేమమో కాదో చెప్పాల్సింది తమరే, తమరేమో "1.03, ఈక్వివోకల్" అన్నారు. 0.9 లోపైతే లేదట, 1.1 దాటితే ఉందట, నన్ను తెచ్చి సరిగ్గా ఆ సందులో కూర్చోబెట్టారు. 2,800 తీసుకుని "ఏమో" అనడానికి మా ఊరి సోదమ్మకి కూడా ధైర్యం చాలదండీ, ఆవిడ కనీసం ఉత్తరం దిక్కు నుంచి కబురొస్తుందనైనా చెబుతుంది.

పోయిన శనివారం ల్యాబులో కౌంటర్ దగ్గరమ్మాయి నా ఇంటిపేరు చూసి తెలుగువాణ్ణని కనిపెట్టేసింది. ఆ సంతోషంలో హాలు ఆ చివర నుంచి "అన్నా, హెర్పిస్ మీదేనా?" అని కేకేసింది. అచ్చం మదనపల్లె యాస. హాల్లో పదకొండు మంది, లెక్కపెట్టుకున్నాను. షుగర్ పరీక్షకొచ్చిన పెద్దాయన ఒక కుర్చీ అవతలికి జరిగాడు. పెద్దాయనా, అది కుర్చీ నుంచి రాదు, టాయిలెట్ సీటు నుంచీ రాదు, చర్మానికి చర్మం తగలాలి. ఆ మాట అప్పుడు నోటికి రాలేదు.

అసలు నేను వెళ్ళింది ఒక ఎర్ర పొక్కు కోసం. ఒకమ్మాయితో కలిసిన పదో రోజున కనిపించింది. లక్షణాలు రెండు నుంచి పన్నెండు రోజుల్లో బయటపడతాయని అప్పటికే మూడు రాత్రులు చదివి ఉన్నాను కాబట్టి లెక్క సరిపోయింది, టెన్షన్ మొదలైంది. కండోమ్ వాడాం కదా అంటారేమో, అది కప్పిన మేరకే కాపాడుతుంది.

గురువారం జయనగర్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. బయటంతా జుట్టు మొలిపించుకునేవాళ్ళ క్యూ, నా వంతు రావడానికి రెండున్నర గంటలు, చూడ్డానికి రెండు నిమిషాలు. టార్చి వేసి, "ట్రిమ్మర్ వాడారా?" అంది. లోపలికి తిరిగిన వెంట్రుకట. రిపోర్టిస్తే చదివి, దాని మీద టీ కప్పు పెట్టుకుంది. "ఇది ఎవరు రాశారు?" ఎవరూ రాయలేదు మేడం, ప్యాకేజీలో ఉంది. నిజంగా నీటిపొక్కు లేస్తే అది తాజాగా ఉన్నప్పుడే దూదిపుల్లతో తీసి పీసీఆర్ చేయించాలట. రక్తంలో చూడాలంటే ఐజీజీ అనే వేరే ప్రతిరోధకాల పరీక్ష, అదీ పన్నెండు వారాలు ఆగాక, అందులోనూ అంకె 3 దాటకపోతే మళ్ళీ ఇంకో పరీక్షతో సరిచూసుకోవాలి. మరి తమరు? ఒకటో రకమో రెండో రకమో చెప్పలేరు. పాత ఇన్ఫెక్షన్ మళ్ళీ కదిలినా చేయెత్తుతారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తమరిని వాడొద్దని ఎప్పుడో రాసిపెట్టింది. అయినా ప్యాకేజీలో హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షల మధ్య దర్జాగా కూర్చున్నారు. ఆ రెండూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. అక్కడి సురక్ష క్లినిక్‌లో ఇలాంటి పుండైతే చూసి ఎర్ర కిట్టులో దాని మందు ఎసైక్లోవిర్ కూడా చేతికిస్తారు. నేనేమో ఏసీ ఉందని మీ దగ్గరికొచ్చాను.

డబ్బు పోతే పోయింది. ఆ కేకనైనా ఎప్పుడో నవ్వుకుంటూ చెప్పుకుంటాను. కానీ సోమవారం రాత్రి నీ 1.03 పట్టుకుని, నేను కలిసిన ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను చూడు, అది మాత్రం పోదు. అవును, ఇక నువ్వే, మీరు లేదు, గారు లేదు. "నీకేమైనా ఉంటే ముందే చెప్పి ఉండాల్సింది" అని రాశాను. రాత్రి రెండింటికి. నీ మాట నమ్మి.

తెల్లారి ఒక్క లైను జవాబు: "జ్వరం వస్తే పెదవి మీద పొక్కులు లేస్తాయన్నావు కదా, అవేంటి?"

ఎనిమిదో క్లాసు నుంచీ లేస్తున్నాయి. అమ్మమ్మ బల్లి ఒంటేలు పోసిందనేది, పసుపు రాసేది, అమ్మ వేడి చేసిందని మజ్జిగిచ్చేది. డాక్టరమ్మనడిగితే తలెత్తకుండానే చెప్పింది, అదే హెర్పిస్ ఒకటో రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో యాభై ఏళ్ళలోపు వాళ్ళలో 380 కోట్ల మందికి ఉంది. నోటి నుంచి కిందికీ అంటుకోగలదు, పొక్కు లేని రోజుల్లో కూడా. అంటే ముందే చెప్పి ఉండాల్సింది ఎవరయ్యా? బల్లి మీద తోసేసి పదిహేనేళ్ళు తిరిగినవాడు. ఇంతా చేసి నీ 1.03 నా పాత పొక్కులదే కావచ్చు, వట్టి తప్పుడు అంకే కావచ్చు, అది కూడా నువ్వు చెప్పలేవు, దరిద్రుడా!

గురువారం రాత్రే ఆమెకు క్షమాపణ రాశాను, ఈసారి సిగ్గుపడుతూ, పొక్కుల సంగతి సహా. రెండు రోజులు జవాబు లేదు. ఈ సాయంత్రం రెండు ఫొటోలొచ్చాయి, మాటలేం లేవు. ఒంటి మీద ఏ పొక్కూ లేని మనిషి నా మెసేజ్ చూసి భయపడి అదే ల్యాబుకి వెళ్ళి అదే ప్యాకేజీ చేయించుకుంది. మొదటి ఫొటో 2,800 బిల్లు, పక్కనే డబ్బు పంపాల్సిన క్యూఆర్ కోడ్.

రెండోది నీ రిపోర్టు. 0.97. ఈక్వివోకల్.