చూరు పట్టుకుని వేలాడేవారికి ఒక విన్నపం

పదవీకాలం ముగిసినా కుర్చీ వదలని పెద్దమనుషుల గురించి మనం 'చూరు పట్టుకుని వేలాడుతున్నాడు' అని ఎన్నాళ్ళుగానో అనుకుంటూ వస్తున్నాం. ఆ మాటకు అక్షరార్థం కల్పించిన ఘనత మాత్రం అమెరికాలో రెండంతస్తుల ఇల్లు కొనుక్కున్న తెలుగు గృహస్థుకే దక్కాలి. ఏటా నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ వస్తుంది. ఆ వారాంతంలో న్యూజెర్సీలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఏ వీధిలోకి వెళ్ళి తలెత్తి చూసినా, నిచ్చెనెక్కి ఒక చేత్తో చూరును, రెండో చేత్తో గట్టర్‌లోంచి తీసిన తడి ఓక్ ఆకులను పట్టుకుని ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరైనా కనిపిస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పాత తరం అలవాటు. కాళ్ళు విరగడానికి ముందే పట్టుకోవడం మన తరం సాధించిన ప్రగతి.

గట్టర్ అంటే ఏమిటో మన ఊళ్ళలోని పాఠకులకు కాస్త చెప్పాలి, ఎందుకంటే తెలుగునాట ఆ పేరు మురుగుకాలువకు స్థిరపడిపోయింది. ఇక్కడ గట్టర్ అంటే చూరు వెంట ఇంటి చుట్టూ బిగించిన సుమారు ఐదంగుళాల వెడల్పు అల్యూమినియం తొట్టి. కప్పు మీద పడిన వాన ఇందులోకి జారి, మూలనున్న గొట్టం ద్వారా నేలకు దిగి, ఇంటికి దూరంగా పోవాలి. మన పెంకుటిళ్ళకు ఈ బాధ లేదు. చూరునీళ్ళు వాకిట్లో పడేవి, పిల్లలు కాగితప్పడవలు వదిలేవారు, కథ ముగిసేది. ఇక్కడి ఇల్లు కర్రది, పైగా కింద బేస్‌మెంట్ అనే గొయ్యి ఉంటుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 2,300 లీటర్ల పైచిలుకు నీరు దిగుతుంది. గట్టర్ ఆకులతో పూడిపోతే ఆ నీరంతా పునాది పక్కన పడి, గోడలోంచి ఊరి, మనం లక్షలు పోసి కట్టుకున్న హోమ్ థియేటర్‌నూ, దాని వెనక దాచిన బొమ్మల కొలువు పెట్టెలనూ పలకరిస్తుంది.

మా ఇంట్లో ఈ విషయాన్ని మొదట గుర్తించింది మా మామగారు. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి కనుక, ఆయన దాన్ని గట్టర్ శుభ్రం చేయడం అనలేదు, 'పూడికతీత' అన్నారు. పది అడుగులకు పావు అంగుళం వాలు ఉండాలని నేను చదివి చెప్పగానే ఆయన కళ్ళు మెరిశాయి. గొట్టానికి దూరంగా ఉన్నది ఎగువ భాగం, దగ్గరున్నది దిగువ భాగం, మా బేస్‌మెంట్ ఆయకట్టు. వసంతంలో రెక్కల విత్తనాలు పడి గట్టర్‌లో మొలిచిన మేపుల్ మొక్కలను కిటికీలోంచి చూసి, 'అల్లుడుగారూ, నారు అందివచ్చింది, ఇక నాట్లు వేసుకోవడమే' అన్నారు.

శుభ్రం చేసే మనిషి 225 డాలర్లు అడిగాడు. అతన్ని పగటి దొంగగా ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తీర్మానించాక, నేను దుకాణానికి వెళ్ళి 300 డాలర్లు పెట్టి నిచ్చెన కొనుక్కువచ్చాను. మిగులు ఎంతో ఇప్పటికీ లెక్క తేలలేదు.

నిచ్చెన మీద అతికించిన కాగితాన్ని చదివే సంప్రదాయం మన జాతిలో లేదు. అద్దె ఒప్పందాలను, భీమా పత్రాలను, మందు సీసాలను చదవకుండానే నెట్టుకొచ్చిన జాతి అది. నేను చదివాను, దిగిన తర్వాత. 24 అడుగుల నిచ్చెన అని అమ్మినది నిజానికి 21 అడుగులకే సాగుతుందట, ఎందుకంటే రెండు భాగాలూ ఒకదాని మీద ఒకటి కనీసం మూడు అడుగులు కప్పుకొని ఉండాలి. అది మోయగలిగే 300 పౌండ్లలో మనిషితో పాటు బకెట్టు, పనిముట్లు, చలికోటు, పండుగ పూట తిన్న పులిహోర కూడా లెక్కలోకి వస్తాయి. నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున నిచ్చెన మొదలు గోడకు దూరంగా ఉండాలి; అంటే మా చూరు 18 అడుగుల ఎత్తు కనుక నాలుగున్నర అడుగులు. కొలబద్ద లేకపోతే మరో ఉపాయం ఉంది: కాలివేళ్ళను నిచ్చెన పాదాలకు ఆనించి, నిటారుగా నిలబడి, చేతులు ముందుకు చాపితే అరచేతులు మెట్టుకు సరిగ్గా అందాలి. నేను మా పూలమడి పాడవకూడదని రెండడుగుల దూరంలోనే నిలబెట్టాను. పూలు నిజంగానే పాడవలేదు.

ఇన్ని కొలతలు మనకెందుకంటే, మన భద్రతా శాస్త్రం మొత్తం ఒకే ఒక్క సూత్రం మీద నిలబడి ఉంది కనుక: కింద ఎవరైనా పట్టుకుని ఉంటే చాలు. నిచ్చెన బురదలో ఉండవచ్చు, గోడకు అంటుకుని ఉండవచ్చు, ఇంటికొచ్చే కరెంటు తీగకు మూరెడు దూరంలో ఉండవచ్చు; కింద ఇల్లాలు పట్టుకున్నదంటే దోషాలన్నీ పరిహారమైనట్టే. ఆ రోజు నిచ్చెన పట్టుకున్నది మా ఆవిడ. చెవిలో విజయవాడలోని వాళ్ళ అక్కయ్య ఉన్నారు. పైనుంచి నేను ప్రతి రెండు నిమిషాలకూ 'పట్టుకున్నావా?' అని అడిగాను, ఆవిడ ప్రతిసారీ 'పట్టుకున్నా లెండి' అన్నది. ఆ సమాధానం నాకో అక్కయ్యకో అనేది నేటికీ మా ఇంట్లో వివాదాంశమే.

నల్లగా కుళ్ళి, కల్లాపి పేడలా చిక్కబడిన ఆకులను ఒక గుప్పెడు తీసి బకెట్టులో వేయబోతే గురితప్పి ఆవిడ నుదుటి మీద పడింది. ఆవిడ రెండు చేతులూ ముఖం తుడుచుకోవడానికి వెళ్ళాయి. 85 కిలోల మనిషి పైనుండి ఒక పక్కకు జారడం మొదలుపెడితే కింద పట్టుకున్నవారు ఆపగలరా, ఆపబోతే ఎవరి మీద ఎవరు పడతారు అనే ప్రశ్నలను అంతవరకూ మేం వేసుకోలేదు.

అప్పటికి గొట్టం నోరు నాకు ఒక జానెడు దూరంలో ఉంది. బొడ్డు ఎప్పుడూ నిచ్చెన రెండు నిలువు కమ్ముల మధ్యే ఉండాలని నియమం. అందకపోతే దిగి, నిచ్చెన జరిపి, మళ్ళీ ఎక్కాలి. నలభై దాటిన తెలుగువాడి బొడ్డు ఒకచోట నిలిచే వస్తువు కాదన్నది అలా ఉంచితే, జానెడు కోసం దిగి ఎక్కడం మగతనానికి తగని పనిగా తోచింది. వంగాను. నిచ్చెన తల ఆనుకున్నది గట్టర్ అంచు మీద, అంటే నున్నటి అల్యూమినియం మీద నున్నటి అల్యూమినియం. అది కర్ర్‌మని చప్పుడు చేస్తూ పక్కకు జరిగింది. నేను చూరు పట్టుకున్నాను. చూరు కూడా నన్ను కొంతసేపు పట్టుకుంది, తర్వాత రెండు మేకులు ఊడి నాలుగు అంగుళాలు కిందికి వంగింది. పడకకుర్చీలోంచి మామగారు, 'అల్లుడుగారూ, ఇప్పుడు వాలు బాగా కుదిరింది' అన్నారు. నిచ్చెన తలను గట్టర్ మీద కాక గోడకో కప్పుకో ఆనించే అడ్డచేతులు అదే దుకాణంలో, అదే వరుసలో అమ్ముతారు. నేను వాటిని చూశాను కూడా. బట్టలు ఆరేసుకునేవి అనుకున్నాను.

అమెరికావారు నిచ్చెన భద్రతకు ఒక నెల కేటాయించారు, అది మార్చి. ఆకులు రాలేది అక్టోబరు, నవంబరుల్లో. ముహూర్తబలం తెలియని దేశమిది. నవంబరు చివరలో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది, మనవాడేమో భోజనమై, కునుకు తీసి, టీ తాగి, మూడున్నరకు నిచ్చెన ఎక్కుతాడు. నేలమీద నిలబడే పొడవాటి గొట్టం తగిలించిన వాక్యూమ్‌తో ఈ పని చేయవచ్చని ఆ చీకట్లో ఎవరు చెప్పినా వినిపించదు.

వంగిన గట్టర్ బాగుచేయించడానికి చివరకు ఆ 225 డాలర్ల మనిషినే పిలిచాం. ఈసారి 410 అన్నాడు, ఎవరూ తీర్మానం పెట్టలేదు. ఒక్కడే వచ్చాడు. నేలను కాలితో నొక్కి చూశాడు, మా చామంతులను తొక్కి నిచ్చెన పాదాలు దించాడు, చేతులు చాపి మెట్టును తాకి చూశాడు, అడ్డచేతులను కప్పుకు ఆనించి, బకెట్టును కొక్కేనికి తగిలించుకుని ఎక్కాడు. అతను నాలుగో మెట్టు మీద ఉండగా మా ఆవిడ గబగబా వెళ్ళి నిచ్చెన పట్టుకుంది. కింద ఎవరూ నిలబడకూడదని అతను ఎంతో మర్యాదగా, రెండుసార్లు చెప్పాడు. ఆవిడ పక్కకు జరిగింది. ఆ ఖాళీలోకి మా మామగారు వచ్చి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, నావైపు తిరిగి గొంతు తగ్గించి అన్నారు: 'పాపం, పద్ధతి తెలియని మనిషండీ.'