సవరణ: బాబ్ లడ్విగ్ చేసింది మిక్సింగ్ కాదు, మాస్టరింగ్

తిరుపతిలో మిత్రులమంతా కలిసి పాత రికార్డులు విన్న సాయంత్రం గురించి గతవారం రాసినప్పుడు, బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ 1969లో విడుదల చేసిన రెండవ ఆల్బమ్‌కు అమెరికా సౌండ్ ఇంజనీరు బాబ్ లడ్విగ్ మిక్సింగ్ చేశారనీ, ఆయన స్టూడియో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఉండేదనీ పేర్కొన్నాను. రెండూ తప్పే. చిత్తూరులో కల్యాణ మండపాలకు సౌండు సిస్టం నడిపే ఒక పాఠకుడు మొదటిదాన్ని పట్టుకున్నారు. దాన్ని సరిచూసుకుంటుండగా రెండవది నాకే దొరికింది.

మిక్సింగ్ అంటే విడివిడిగా రికార్డయిన గొంతును, వాద్యాలను పాళ్లు చూసి ఒక్క పాటగా కలపడం. ఆ బృందం గిటారిస్టు జిమ్మీ పేజ్‌తో కలిసి ఆ పని చేసినవారు సౌండ్ ఇంజనీరు ఎడ్డీ క్రేమర్. లడ్విగ్ చేసింది ఆ తరువాతి పని మాస్టరింగ్, అంటే పూర్తయిన టేపును బట్టి, రికార్డుల అచ్చుకు మూలమయ్యే లాకర్ అనే మెత్తటి పూత పూసిన పళ్లెం మీద గాడి కోయడం. ఆయన ధ్వనిని ఎంత బలంగా కోశారంటే, చవక ప్లేయర్లలో ముల్లు గాడి తప్పి ఎగురుతోందని ఆ అచ్చును ఆపి, స్థాయి తగ్గించి మళ్లీ కోయించారు. ఆయన అసలు పేరు రాబర్ట్ లడ్విగ్‌కు పొడి అక్షరాలైన 'ఆర్‌ఎల్' చెక్కి ఉన్న ఆ తొలి ప్రతులకే ఇప్పుడు గిరాకీ ఎక్కువ.

ఇక ఆయన 1992లో స్థాపించి, 2023లో విరమించేదాకా నడిపిన గేట్‌వే మాస్టరింగ్ స్టూడియో ఉండేది మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో. పాత వ్యాసంలో ఆ రెండు వాక్యాలనూ మార్చాను.